యజమాని మారినా ఊరు మారని క్లబ్బు

ఇండియన్ సూపర్ లీగ్‌లో తెలుగు నేల తరఫున ఆడిన ఏకైక జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. 2022 మార్చిలో ఇదే జట్టు ఆ లీగ్ ఫైనల్ గెలిచి ట్రోఫీ అందుకుంది. నాలుగేళ్లు తిరగకుండానే హైదరాబాద్‌కు ఆ జట్టుతో సంబంధం తెగిపోయింది. క్రికెట్ సందడిలో ఈ కబురు చాలామంది చెవిన పడకపోయి ఉండొచ్చు. కానీ ఒక ఊరికీ, ఆ ఊరి పేరు పెట్టుకున్న జట్టుకూ మధ్య బంధం దేని మీద నిలవాలన్న ప్రశ్నను ఇది మన ముందుంచింది. ఆ ప్రశ్న హైదరాబాద్‌కే కాదు, ప్రకాశం జిల్లాలోని గ్రానైట్ క్వారీల చీమకుర్తి లాంటి పరిశ్రమల పట్టణాలకూ వర్తిస్తుంది.

హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టుకే వలసతో మొదలైంది. పుణె సిటీ జట్టు మూతపడ్డాక, ఆ స్థానాన్ని తీసుకుని 2019 ఆగస్టులో దీన్ని నెలకొల్పారు. తొలి ఏడాది పట్టికలో అట్టడుగున నిలిచింది. 2020లో స్పెయిన్‌కు చెందిన మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాక జట్టు రూపురేఖలు మారాయి. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా స్టేడియంలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1-1తో ముగిసింది. షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. హైదరాబాద్ 3-1తో కప్పు గెలిచింది. అయితే కోవిడ్ కారణంగా ఆ ఏడాది, అంతకుముందు ఏడాది కూడా లీగ్ మొత్తం గోవాలోనే జరిగింది. విజేతగా నిలిచిన సీజన్‌లో ఆ జట్టు తన సొంత మైదానమైన గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఊరి పేరు మోసిన జట్టు గెలిచింది, ఊరు టీవీలో చూసింది.

తర్వాతి ఏడాది పట్టికలో రెండో స్థానం దక్కింది. ఆ పైన పతనం మొదలైంది. 2023-24లో ఆటగాళ్లకు జీతాలు అందలేదు. అంతర్జాతీయ సమాఖ్య ఫిఫా కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఆంక్ష విధించింది. ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. కుర్రాళ్లతో నెట్టుకొచ్చిన జట్టు సీజన్ మొత్తంలో ఒక్క మ్యాచే గెలిచింది. 2024లో యాజమాన్యం చేతులు మారింది, మరుసటి ఏడాది ఊరే మారింది. యజమానుల వైపు నుంచి చూస్తే ఇందులో అర్థం లేకపోలేదు. ఖర్చు కోట్లలో, రాబడి అంతంతమాత్రం. పైగా 2025లో లీగ్ భవిష్యత్తే సందిగ్ధంలో పడింది. నష్టం భరించేవాడు లాభం ఉందనుకున్న చోటికి పోతాడు. పోకుండా ఆపే కట్టుబాటు ఏదీ లేకపోవడమే అసలు లోపం.

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ కొత్త కాదు కాబట్టి ఈ నష్టం మరింత బాధిస్తుంది. ఉపాధ్యాయుడిగా జీవితం మొదలుపెట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం 1943 నుంచి 1963లో కన్నుమూసేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా ఉన్నారు. ఆయన తీర్చిదిద్దిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. డ్యూరాండ్ కప్ కూడా తెచ్చింది. కుర్రాళ్ల కోసం రహీం చిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని కాలితో తిప్పుకుంటూ పరుగెత్తకూడదు, అందిన వెంటనే పక్కవాడికి ఇచ్చేయాలి. ఇంకో పోటీలో అలవాటైన కాలితో తన్నకూడదు, రెండో కాలే వాడాలి. ఆ గల్లీ పాఠాల ఫలం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో కనిపించింది. రహీం శిక్షణలో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లతీఫ్, జుల్ఫిఖార్, తులసీదాస్ బలరాం హైదరాబాద్ గడ్డ మీద ఎదిగినవాళ్లే. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం కూడా ఆయన హయాంలోనిదే.

అంతటి వైభవం ఎందుకు నిలవలేదు? సిటీ పోలీస్ జట్టు ఒక ప్రభుత్వ శాఖది, ఆటగాడికి ఆటంటే ఉద్యోగం. రహీం పోయారు. మెరికల్లాంటి ఆటగాళ్లను కలకత్తా క్లబ్బులు పిలిచాయి. క్రీడాకారుల నియామకాలు తగ్గేకొద్దీ జట్టు వన్నె కూడా తగ్గింది. మొదటి జట్టు సర్కారు శాఖ చేతిలో ఉండి వాడిపోయింది, రెండోది ప్రైవేటు పెట్టుబడి చేతిలో ఉండి తరలిపోయింది. రెండింటిలోనూ ఊరికి చప్పట్లు కొట్టే పనే తప్ప నిర్ణయంలో చోటు లేదు.

జపాన్ ఇదే చిక్కును మరో దారిలో విప్పింది. అక్కడా మొదట్లో ఉన్నవి కంపెనీ జట్లే. 1993 మే నెలలో పది క్లబ్బులతో మొదలైన జె-లీగ్ రెండు షరతులు పెట్టింది. క్లబ్బు ఒక సొంత ఊరికి కట్టుబడి ఉండాలి. జట్టు పేరులో ఊరు ఉండాలి గానీ కంపెనీ ఉండకూడదు. పిల్లల జట్లను నడపడం కూడా క్లబ్బు బాధ్యతే.

సొంత ఊరి నిబంధన విలువ తెలియాలంటే ఇబరాకి రాష్ట్రంలోని కాషిమా చరిత్ర చూడాలి. సుమిటోమో మెటల్ కంపెనీ 1947లో ఒసాకాలో పెట్టిన జట్టు, 1975లో ఆ సంస్థ ఉక్కు కర్మాగారం ఉన్న కాషిమాకు వచ్చింది. సుమారు 45 వేల జనాభా ఉన్న చిన్న పట్టణం అది. పనివాళ్లకు సెలవురోజున కాలక్షేపం ఉండేది కాదు. జె-లీగ్‌లో చేరతామంటే లీగ్ పెద్దలు దాదాపు అసాధ్యమన్నారు. పైకప్పుతో, 15 వేల మంది కూర్చునే ఫుట్‌బాల్ స్టేడియం కడితే ఆలోచిస్తామన్నారు. కంపెనీ, పట్టణం, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఆ స్టేడియం కట్టి చూపించాయి. బ్రెజిల్ దిగ్గజం జీకో 1991లో అక్కడికి వచ్చి ఆడటమే కాక క్రమశిక్షణ నేర్పాడు. లీగ్‌లో తన తొలి మ్యాచ్‌లో కాషిమా ఆంట్లర్స్ నగోయాను 5-0తో ఓడిస్తే, అందులో మూడు గోల్స్ జీకోవి. 2016 నాటికి ఆ క్లబ్బు ఎనిమిది లీగ్ టైటిళ్లు గెలిచింది.

మనకు ఇంతకంటే ముఖ్యమైన సంగతి 2019లో జరిగింది. ఉక్కు సంస్థ తన మెజారిటీ వాటాను మెర్కారి అనే యాప్ కంపెనీకి అమ్మేసింది. పాత వస్తువులు కొనుక్కునే, అమ్ముకునే యాప్ అది. యజమాని మారాడు, వ్యాపారమే మారింది. క్లబ్బు మాత్రం కాషిమాలోనే ఉంది, అదే పేరు, అదే స్టేడియం. హైదరాబాద్‌లో జరగనిది ఇదే.

పెద్ద కంపెనీ అండ లేని ఊళ్ల సంగతేమిటని అడిగేవారికి కోఫు జవాబు. ద్రాక్షతోటలకు పేరుపడ్డ యమనాషి రాష్ట్ర రాజధాని అది. అక్కడి వెంట్‌ఫోరెట్ కోఫు ఒక హైస్కూలు పూర్వ విద్యార్థుల జట్టు నుంచి 1965లో పుట్టింది. 2000లో వరుసగా 19 మ్యాచ్‌లు ఓడింది, అప్పు 40 కోట్ల యెన్లు దాటింది. మూసేయడమా, నడపడమా అన్న స్థితిలో మూడు లక్ష్యాలు పెట్టారు. సగటున మూడు వేల మంది ప్రేక్షకులు, ఐదు వేల మంది సభ్యులు, ఐదు కోట్ల యెన్ల ప్రకటనల రాబడి. ఇవి సాధించలేకపోతే ఇక అంతేనన్నారు. చిన్న చిన్న దుకాణాలవాళ్లు మైదానం చుట్టూ బోర్డులకు డబ్బు కట్టారు. దెబ్బ తగిలిన ఆటగాణ్ని మోసుకెళ్లే స్ట్రెచర్ మీద కూడా ప్రకటన వేసి సొమ్ము రాబట్టారు. క్లబ్బు బతికింది. 2022లో రెండో అంచె లీగ్‌లో ఆడుతూనే, జపాన్ దేశవ్యాప్త నాకౌట్ పోటీ అయిన చక్రవర్తి కప్పు సెమీఫైనల్‌లో కాషిమాను ఓడించింది. ఫైనల్‌లో హిరోషిమా మీద అదనపు సమయంలో బంతి చేతికి తగిలి పెనాల్టీకి కారణమైన 42 ఏళ్ల యమమోటో హిదెయోమి, గోల్‌కీపర్ దాన్ని ఆపడంతో ఊపిరి పీల్చుకుని, షూటౌట్‌లో చివరి పెనాల్టీ తానే కొట్టి కప్పు అందించాడు. 2003 నుంచి అప్పటిదాకా ఆయన ఆ క్లబ్బులోనే ఉన్నాడు.

జపాన్‌లోనూ ఎదురుదెబ్బలు లేకపోలేదు. 1998లో ఒక స్పాన్సర్ తప్పుకోవడంతో యోకొహామా ఫ్లూగెల్స్ క్లబ్బును పొరుగు క్లబ్బులో కలిపేశారు. అభిమానులు ఊరుకోలేదు. యోకొహామా ఎఫ్‌సీ పేరుతో కొత్త క్లబ్బు పెట్టుకున్నారు. జనం సభ్యులుగా ఉన్నచోట క్లబ్బు పోయినా మళ్లీ మొలుస్తుంది.

మన దగ్గర ఆ విత్తనాలు లేవా అంటే ఉన్నాయి. విశాఖ పేరు మీద దేశంలోని రెండో అంచె పోటీ ఐ-లీగ్‌లో ప్రవేశం పొందిన శ్రీనిధి డెక్కన్ క్లబ్బు, హైదరాబాద్ శివార్లలో సొంత మైదానం కట్టుకుని 2022-23లోనూ, 2023-24లోనూ రెండో స్థానంలో నిలిచింది. అంతకంటే లోతైన ప్రయత్నం అనంతపురంలో జరిగింది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో స్థాపించిన స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్), కరవు పల్లెల పిల్లలకు మైదానాలు, శిక్షకులు, లీగ్ పోటీలు ఏర్పాటు చేసింది. స్పెయిన్ లా లీగా తోడ్పాటుతో ఫుట్‌బాల్ అకాడమీ నడిపింది. అమ్మాయిలను కూడా మైదానంలోకి తెచ్చింది. వాన పడని నేలలో సాధ్యమైనది రాతి సిరులున్న నేలలో అసాధ్యం కాదు.

చీమకుర్తి, రామతీర్థం క్వారీల గెలాక్సీ గ్రానైట్ ప్రపంచ మార్కెట్లో చెలామణి అవుతోంది. నల్లరాతిలో బంగారు చుక్కలున్న ఆ పలక ఏ దేశంలో చూసినా మన ఊరిదేనని చెప్పుకుంటాం. క్వారీల్లో, పాలిషింగ్ యూనిట్లలో పని కోసం ఎక్కడెక్కడి నుంచో కుటుంబాలు వచ్చాయి. ఉక్కు పట్టణమైన కాషిమాకూ మన పట్టణానికీ పోలిక ఇక్కడే ఉంది. సంపద ఉంది, కష్టజీవులున్నారు. సాయంత్రమైతే పిల్లలు, పెద్దలు కలిసి మాదనుకునే వేదిక లేదు. చందాలతో పదిమందిని కూడగట్టడం ప్రకాశం, గుంటూరు పల్లెలకు కొట్టినపిండి. తిరునాళ్లకు ప్రభలు కడతాం. ఎడ్ల బండలాగుడు పోటీలకు బహుమతులు ప్రకటిస్తాం, దాతల పేర్లు మైకులో చదువుతాం. కోఫు దుకాణదారులు చేసింది ఇదే పని. తేడా ఒక్కటే, వాళ్లు ఒక్క రోజు పండుగకు బదులు ఏడాదంతా నడిచే క్లబ్బుకు ఇచ్చారు.

చట్టం కూడా అనుకూలంగానే ఉంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఐదు కోట్ల రూపాయలు, అంతకు మించి నికర లాభం ఉన్న కంపెనీలు సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. గ్రామీణ, ఒలింపిక్ క్రీడల శిక్షణ ఆ జాబితాలో ఉంది. కాబట్టి ఇలా మొదలుపెట్టవచ్చు. చీమకుర్తి పేరుతో ఒక క్లబ్బును సొసైటీగా నమోదు చేయాలి. దాతల పేర్లు బోర్డు మీద ఉండవచ్చు గానీ జట్టు పేరులో ఉండకూడదు. పాలకవర్గంలో గ్రానైట్ యజమానులతో పాటు మున్సిపాలిటీకీ, కార్మికులకూ, ఉపాధ్యాయులకూ చోటుండాలి. క్లబ్బును ఊరు దాటించే అధికారం ఎవరికీ ఉండదని నిబంధనావళిలోనే రాయాలి. పెద్దల జట్టు కంటే ముందు పదమూడేళ్ల లోపు అబ్బాయిల, అమ్మాయిల జట్లు పెట్టాలి. వలస కార్మికుల పిల్లలకు ఫీజు ఉండకూడదు.

ఫుట్‌బాల్‌తో మొదలుపెట్టినా, కబడ్డీతో మొదలుపెట్టినా సూత్రం ఇదే. క్వారీ లీజులు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి పోతూ ఉంటాయి, రాయి ఒకనాటికి తరిగిపోతుంది. అప్పటికీ ఈ ఊళ్లో నిలిచి ఉండే సంస్థను కట్టాల్సిన బాధ్యత ఆ రాయితో బాగుపడిన వాళ్లందరిదీ. గ్రానైట్ యజమానులు, మున్సిపల్ పెద్దలు, పాఠశాలల పూర్వ విద్యార్థులు ఒక్కచోట కూర్చుని ఈ ఏడాదే ఆ పని మొదలుపెట్టాలి.