టెస్ట్‌ని స్కిప్ చేయండి.. కానీ 'రేపు రా' అని రాసి వదిలేయకండి!

ఫోన్‌కి అప్‌డేట్ వచ్చిన మర్నాడే గోల మొదలవుతుంది. ఒకరికి బ్లూటూత్ కనెక్ట్ అవ్వదు, ఇంకొకరికి అలారం మోగదు. "రిలీజ్ చేసే ముందు టెస్ట్ చేయరా వీళ్లు?" అని మనమంతా తిట్టుకుంటాం. చేస్తారు. ఓ మాదిరి పెద్ద యాప్ అయితే దాని వెనక వందల్లో, వేలల్లో ఆటోమేటిక్ టెస్టులు ఉంటాయి. వాటిలో ఎన్ని నిజంగా రన్ అవుతున్నాయి, ఎన్ని 'తర్వాత చూద్దాంలే' అని పక్కన పడి ఉన్నాయి అన్నదే అసలు ప్రశ్న.

ఈ సైట్ చదివేవాళ్లలో చాలామంది సొంతంగా యాప్‌లు రాస్తున్నారు. కాలేజ్ ప్రాజెక్ట్ అయినా, ఇంటర్న్‌షిప్ అయినా, ప్లే స్టోర్‌లో పెట్టిన చిన్న యాప్ అయినా ఈ పరిస్థితి ఏదో ఒక రోజు ఎదురవుతుంది. రిలీజ్ ఈ రాత్రికే, ఒక యూనిట్ టెస్ట్ మాత్రం ఫెయిల్ అవుతోంది. స్కిప్ చేయాలా, వద్దా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. స్కిప్ చేయడం తప్పు కాదు. గడువు లేకుండా స్కిప్ చేయడమే తప్పు.

ఎప్పుడూ ఎరుపే ఉంటే ఎవరూ చూడరు

"టెస్ట్ ఫెయిల్ అయితే అన్నీ ఆపేసి దాన్నే బాగు చేయాలి, స్కిప్ అనే మాటే వద్దు" అనేవాళ్లు ఉంటారు. వినడానికి బాగుంటుంది. కానీ ఇలా ఆలోచించండి. మీ యాప్ ఓపెన్ చేయగానే క్రాష్ అవుతోంది. దానికి ఫిక్స్ రెడీగా ఉంది. ఈలోగా ఆ క్రాష్‌తో ఏ సంబంధం లేని టెస్ట్ ఒకటి, ఎవరిదో సర్వర్ డౌన్ అయినందుకు ఫెయిల్ అయింది. ఆ సర్వర్ లేచేదాకా యూజర్లు క్రాష్‌తో బాధపడాలా? అక్కర్లేదు.

పోనీ టెస్ట్‌ని ఫెయిల్ అవుతున్నట్టే వదిలేసి రిలీజ్ చేద్దామా? అది ఇంకా ప్రమాదం. రోజూ బిల్డ్ ఎరుపులోనే ఉంటే, వారం తిరిగేసరికి టీమ్‌లో ఎవరూ దాన్ని పట్టించుకోరు. "ఆ ఒక్కటేలే, ఎప్పుడూ ఉండేదే" అనుకుంటారు. దాని పక్కనే నిజంగా ముఖ్యమైన టెస్ట్ ఇంకొకటి ఫెయిల్ అయినా కనిపించదు.

స్కిప్‌ని పూర్తిగా నిషేధిస్తే జనం ఏం చేస్తారో కూడా తెలిసిందే. టెస్ట్‌ని కామెంట్‌లో పెట్టేస్తారు, లేదా డిలీట్ చేసేస్తారు, లేదా ఏం వచ్చినా పాస్ అయ్యేలా మార్చేస్తారు. వాటితో పోలిస్తే స్కిప్ నిజాయితీగా ఉంటుంది. రిపోర్ట్‌లో 'ఇన్ని పాస్, ఇన్ని స్కిప్' అని లెక్క కనిపిస్తుంది. డిలీట్ చేసిన టెస్ట్ ఏ లెక్కలోనూ ఉండదు.

మరి ఇబ్బంది ఎక్కడ?

ఒకప్పుడు మన ఊళ్లలో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవాళ్లు, గుర్తుందా? దెయ్యం వచ్చి, చదివి, వెళ్లిపోతుందట. మర్నాడు వచ్చినా అదే రాత, మళ్లీ 'రేపు రా' అనే. స్కిప్ చేసిన టెస్ట్ పైన 'తర్వాత ఫిక్స్ చేయాలి' అని కామెంట్ రాయడం అచ్చం అలాంటిదే. ఆ 'తర్వాత' ఎప్పటికీ రాదు. ఎందుకంటే ఆ కామెంట్‌ని కంప్యూటర్ చదవదు, మనుషులు చదివినా పట్టించుకోరు. స్కిప్ చేసినతను ఉద్యోగం మారాక, అది ఎందుకు స్కిప్ అయిందో చెప్పేవాళ్లు కూడా ఉండరు.

దాదాపు అన్ని టూల్స్‌లోనూ స్కిప్ అయిన టెస్ట్ బిల్డ్‌ని ఆపదు. పైన పచ్చ టిక్ పడుతుంది, కింద చిన్నగా 'స్కిప్డ్ 14' అని ఉంటుంది. ఆ 14 నెల తిరిగేసరికి 40 అయినా టిక్ రంగు మారదు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, మనం చూడకపోతే బగ్ లేనట్టేనా?

'ఒక్కోసారి ఫెయిల్ అవుతుందంతే' అనే మాట నమ్మకండి

ఎక్కువగా స్కిప్ అయ్యేవి ఫ్లేకీ టెస్టులు. అంటే కోడ్ మార్చకపోయినా ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్ అయ్యేవి. ఇవి చేతకాని టీమ్‌లకే ఉంటాయనుకోకండి. 2016లో గూగుల్ తన టెస్టింగ్ బ్లాగ్‌లో చెప్పిన లెక్క ప్రకారం, వాళ్ల టెస్ట్ రన్‌లలో దాదాపు 1.5 శాతం ఫ్లేకీ ఫలితాలు ఇచ్చేవి. దాదాపు 16 శాతం టెస్టుల్లో ఎంతో కొంత ఈ జబ్బు ఉండేది.

కానీ ఫ్లేకీ అని ముద్ర వేసే ముందు ఒక ఉదాహరణ చూడండి. మీరు స్టెప్ కౌంటర్ యాప్ రాశారనుకుందాం. ఇవాళ్టి అడుగులు ఏ తేదీ ఖాతాలో పడాలో చెప్పే ఫంక్షన్ ఒకటి ఉంది. అది పొరపాటున మన టైమ్‌కి బదులు యూటీసీ టైమ్ వాడుతోంది. టెస్ట్ మాత్రం మీ ల్యాప్‌టాప్ తేదీతో పోల్చి చూస్తోంది. మన టైమ్ యూటీసీ కంటే 5 గంటల 30 నిమిషాలు ముందు కదా. అంటే రాత్రి 12 నుంచి తెల్లవారుజామున 5:30 వరకు యూటీసీలో ఇంకా నిన్నటి తేదీయే నడుస్తుంటుంది.

ఫలితం ఏంటి? పగలు రన్ చేస్తే టెస్ట్ పాస్. యూటీసీలో నడిచే బిల్డ్ సర్వర్‌లో ఎప్పుడూ పాస్. రాత్రి ఒంటిగంటకు మీ ల్యాప్‌టాప్‌లో మాత్రం ఫెయిల్! "పొద్దున బాగానే ఉంది, ఇది ఫ్లేకీ" అని స్కిప్ కొట్టి పడుకుంటారు. కానీ ఆ టెస్ట్ చెప్పింది అక్షరాలా నిజం. రోజూ 5 గంటలకు వాకింగ్‌కి వెళ్లే మీ నాన్నగారి మొదటి అరగంట అడుగులన్నీ నిన్నటి ఖాతాలో పడుతున్నాయి. "నీ యాప్ లెక్క తప్పురా" అని ఆయన అంటే మీరు నమ్మరు, ఎందుకంటే బిల్డ్ పచ్చగా ఉంది.

తేదీలు, టైమ్‌తో వచ్చే బగ్‌లు ఇంతే. 2011 జనవరి 1, 2 తేదీల్లో ఐఫోన్లలో ఒక్కసారికే పెట్టుకున్న అలారాలు మోగలేదు. జనవరి 3 నుంచి వాటంతట అవే సరైపోతాయని ఆపిల్ చెప్పింది. అక్కడ ఎవరో టెస్ట్ స్కిప్ చేశారని నేను అనడం లేదు. రెండు రోజులే ఉండి మాయమయ్యే బగ్‌లు నిజంగా ఉంటాయి అని మాత్రమే అంటున్నాను. ఒక్కోసారి మాత్రమే ఫెయిల్ అయ్యే టెస్ట్, ఒక్కోసారి మాత్రమే వచ్చే బగ్‌ని పట్టుకుని ఉండొచ్చు. పైన చెప్పిన స్టెప్ కౌంటర్‌లో చేయాల్సింది స్కిప్ కాదు. ఫంక్షన్‌ని మన టైమ్ జోన్‌కి మార్చి, టెస్ట్‌లో గడియారాన్ని రాత్రి ఒంటిగంట దగ్గర ఫిక్స్ చేసి ఇవ్వాలి. అప్పుడు ఎప్పుడు, ఎక్కడ రన్ చేసినా ఒకే ఫలితం వస్తుంది.

స్కిప్ చేయాల్సి వస్తే ఇలా చేయండి

ముందు టెస్ట్ ఎందుకు ఫెయిల్ అయిందో తేల్చండి. కోడ్ తప్పా, టెస్ట్ పాతబడిందా, లేక చుట్టూ ఉన్నదేదైనా మారిందా? టెస్ట్ పాతబడితే అప్పుడే మార్చేయండి, తరచుగా అది పెద్ద పని కాదు. చుట్టూ ఉన్నది మారితేనే స్కిప్ గురించి ఆలోచించండి.

అప్పుడు కూడా స్కిప్ ఒక్కటే దారి కాకపోవచ్చు. ఆండ్రాయిడ్ వాళ్లకి రోబోలెక్ట్రిక్ తెలిసే ఉంటుంది. ఫోన్, ఎమ్యులేటర్ లేకుండానే టెస్టులు నడిపే లైబ్రరీ. యాప్ టార్గెట్‌ని కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్‌కి మార్చగానే, మీ దగ్గరున్న రోబోలెక్ట్రిక్‌కి ఆ వెర్షన్ ఇంకా తెలియకపోతే టెస్టులు వరసగా పడిపోతాయి. అక్కడ అన్నింటినీ స్కిప్ చేయక్కర్లేదు. కాన్ఫిగ్‌లో పాత ఎస్‌డీకే వెర్షన్ చెబితే దాని మీద రన్ అవుతాయి. కొత్త వెర్షన్ మీద కాకపోయినా, అసలు రన్ అవ్వకపోవడం కంటే నయం.

కోడ్‌లోనే బగ్ ఉందని తెలిసి, ఇవాళ దాన్ని బాగు చేసే టైమ్ లేకపోతే, స్కిప్ కంటే మంచి మార్గం ఉంది. 'ఇది ఫెయిల్ అవుతుందని తెలుసు' అని గుర్తు పెట్టండి. పైథాన్‌లో పైటెస్ట్ వాడేవాళ్లకి ఎక్స్‌ఫెయిల్ ఉంది. ఐఫోన్ యాప్‌లు రాసేవాళ్లకి ఎక్స్‌కోడ్ 12.5 నుంచి ఎక్స్‌సీటీ ఎక్స్‌పెక్ట్ ఫెయిల్యూర్ వచ్చింది. తేడా ఏంటంటే, స్కిప్ చేసిన టెస్ట్ రన్ అవ్వదు. ఇది రన్ అవుతుంది, ఫెయిల్ అయినా బిల్డ్‌ని ఆపదు. ఎక్స్‌ఫెయిల్‌కి స్ట్రిక్ట్ ఆప్షన్ పెడితే ఇంకా బాగుంటుంది. బగ్ ఎవరైనా ఫిక్స్ చేసి టెస్ట్ పాస్ అయిన రోజున బిల్డ్ ఆగిపోయి, 'ఆ గుర్తు తీసేయండి' అని అదే చెబుతుంది.

తప్పక స్కిప్పే కావాలంటే మూడు విషయాలు రాయండి. కారణం ఏంటి, ఎవరు చూసుకోవాలి, ఎప్పటిలోగా? ఆ తేదీని కామెంట్‌లో కాకుండా కంప్యూటర్ చదివే చోట పెట్టండి. జావా, కోట్లిన్ వాళ్లకి జేయూనిట్ పయనీర్ అనే లైబ్రరీలో 'డిసేబుల్డ్ అన్‌టిల్' ఉంది. ఇచ్చిన తేదీ రాగానే టెస్ట్ దానంతట అదే మళ్లీ రన్ అవుతుంది. 'రేపు రా' అంటే రేపు నిజంగానే వచ్చేస్తుందన్నమాట!

చివరిగా ఒక పరిమితి పెట్టుకోండి. మార్టిన్ ఫౌలర్ 2011లోనే ఇలాంటి టెస్టుల్ని క్వారంటైన్‌లో పెట్టమన్నారు. అయితే అక్కడ 8 కంటే ఎక్కువ ఉండకూడదనో, వారం కంటే ఎక్కువ రోజులు ఉండకూడదనో నియమం పెట్టుకోవాలని కూడా అన్నారు. మీ టీమ్‌లో ఇద్దరే ఉంటే 3 చాలు. నాలుగోది స్కిప్ చేయాలంటే ముందు ఒకటి బాగు చేయాలి.

నా దృష్టిలో కొన్నింటికి మాత్రం ఈ వెసులుబాటు కూడా లేదు. డబ్బు కట్ అయ్యే చోట, యూజర్ ఫొటోలు డిలీట్ అయ్యే చోట, లాగిన్, పాస్‌వర్డ్‌ల దగ్గర, అలారం లాంటి వాటిలో టెస్ట్ ఫెయిల్ అయితే రిలీజే వాయిదా వేయండి. ఒక రోజు ఆలస్యాన్ని యూజర్ మర్చిపోతాడు. పోయిన ఫొటోలు మర్చిపోడు.

ఇవాళ ఒక పది నిమిషాలు కేటాయించి, మీ ప్రాజెక్ట్‌లో స్కిప్, ఇగ్నోర్, డిసేబుల్డ్ అనే మాటల కోసం వెతకండి. అన్నింటికంటే పాతది ఏ తేదీన పడిందో గిట్ చెబుతుంది. ఆ ఒక్కదాన్ని ఆన్ చేసి రన్ చేయండి. పాస్ అయితే ఒక టెస్ట్ ఊరికే తిరిగొచ్చినట్టు. ఫెయిల్ అయితే, మీ యూజర్లు ఇన్నాళ్లూ భరిస్తున్న బగ్ ఏదో మీకు ఇవాళ తెలిసే అవకాశం ఉంది.