పరాయి చెరలో మనవాళ్లు: కొలబద్ద ఏది?

మాస్కోలోని షెరెమెత్యెవో విమానాశ్రయంలో ఆరు నెలల తేడాతో ఇద్దరు అమెరికన్లు పట్టుబడ్డారు. ఇద్దరి సామానులోనూ దొరికింది కొద్దిపాటి గంజాయి సరుకే. 2021 ఆగస్టులో చిక్కిన మార్క్ ఫోగెల్ బడిపంతులు. 2022 ఫిబ్రవరిలో చిక్కిన బ్రిట్నీ గ్రైనర్ పేరున్న బాస్కెట్‌బాల్ తార. గ్రైనర్‌ది అక్రమ నిర్బంధమని అమెరికా విదేశాంగ శాఖ మూడు నెలల్లోపే తేల్చింది. ఆ డిసెంబరులోనే ఆయుధాల వ్యాపారి విక్టర్ బౌట్‌ను రష్యాకు అప్పగించి ఆమెను ఇంటికి తెచ్చుకుంది. పద్నాలుగేళ్ల శిక్ష పడిన ఫోగెల్‌కు అదే ముద్ర పడటానికి 2024 చివరిదాకా పట్టింది. ఆయన విడుదలైంది 2025 ఫిబ్రవరిలో.

చట్టం లేకపోవడం వల్ల వచ్చిన తేడా కాదిది. 2007లో ఇరాన్‌లోని కీష్ దీవిలో అదృశ్యమైన రాబర్ట్ లెవిన్సన్ పేరిట 2020 డిసెంబరులో అమెరికా ఏకంగా చట్టమే చేసింది. అందులో 11 గీటురాళ్లున్నాయి. ఆ మనిషి నిర్దోషి అనడానికి నమ్మదగ్గ సమాచారం ఉందా? అమెరికన్ అయినందుకే పట్టుకున్నారా? అమెరికా మెడలు వంచి ఏదైనా సాధించుకోవడానికా? అక్కడి చట్టాన్ని అక్కడివాళ్లే తుంగలో తొక్కారా? వీటిని చూసి అక్రమ నిర్బంధమేనని విదేశాంగ మంత్రి తేలిస్తే, ఫైలు కాన్సులర్ విభాగం నుంచి బందీల వ్యవహారాల ప్రత్యేక రాయబారి బల్ల మీదికి చేరుతుంది. అప్పటిదాకా జైలుకు వెళ్లి పలకరించడం, లాయర్ల జాబితా ఇవ్వడం. ఆ తర్వాత బేరం. గీటురాళ్లు కాగితం మీద ఎన్ని ఉన్నా వాటిని వాడే చెయ్యి మంత్రిదే. ఆ చేతిని కదిలించడంలో పత్రికల శీర్షికలకూ అభిమానుల గోలకూ ఉన్న బలం ఒక పంతులి కుటుంబానికి ఎక్కడిది?

మన దగ్గర ఆ గీటురాళ్లూ లేవు. ఎవరిది అక్రమ నిర్బంధమో తేల్చే చట్టమంటూ లేదు. అయినా చేయదలచుకుంటే ఢిల్లీ చేయగలదు. 2022 ఆగస్టులో ఖతార్ అరెస్టు చేసిన ఎనిమిది మంది మాజీ నౌకాదళ సిబ్బందిలో మన విశాఖవాసి కూడా ఉన్నారు. 2023 అక్టోబరులో మరణశిక్ష పడింది, డిసెంబరులో అది జైలుశిక్షగా మారింది, 2024 ఫిబ్రవరిలో ఏడుగురు ఢిల్లీలో దిగారు. అభియోగాలేమిటో రెండు ప్రభుత్వాలూ బయటపెట్టలేదు. గుట్టుగా నడిపితేనే పనవుతుందన్న వాదనలో నిజం లేకపోలేదు. కాకపోతే ఆ గుట్టు దౌత్యం అందేది ప్రధాని స్థాయి దాకా పేరు వెళ్లిన వాళ్లకే.

జగిత్యాల నుంచో సిరిసిల్ల నుంచో సౌదీ వెళ్లిన కూలీ సంగతి వేరు. జీతం అడిగాడన్న కోపంతో కఫీల్ (అక్కడి స్పాన్సర్ యజమాని) పరారీ కేసు పెడితే చాలు, అకామా (నివాస అనుమతి) ఉన్నవాడు కూడా దొంగబతుకులో పడే ప్రమాదం ఉంది. పట్టుబడితే ఔట్‌పాస్ (స్వదేశానికి చేర్చే తాత్కాలిక ప్రయాణ పత్రం) కోసం ఎదురుచూపులు. ఇలాంటివాళ్ల కోసం 2009లో పెట్టిన భారతీయ సముదాయ సంక్షేమ నిధి ఉంది. ఎంబసీలు కాన్సులర్ సేవల మీద వసూలు చేసే చిన్న రుసుముతో అది నడుస్తుంది. 2017 నిబంధనల ప్రకారం లాయరు ఖర్చు కూడా ఇవ్వొచ్చు. కానీ అది హక్కు కాదు. ఆర్థిక స్థితి చూసి, అర్హుడనిపిస్తే ఇచ్చేది. అర్హత తేల్చేది ఎంబసీయే.

2025 మార్చిలో ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం విదేశీ జైళ్లలో ఉన్న భారతీయులు, విచారణ ఖైదీలతో కలిపి, 10,152 మంది. సౌదీ, యూఏఈలలోనే చెరో 2,500 మందికి పైగా ఉన్నారు. వీరిలో ఎందరిది అన్యాయపు కేసో ఆ లెక్క చెప్పదు. గోప్యతా చట్టాల వల్ల ఖైదీ ఒప్పుకుంటే తప్ప చాలా దేశాలు వివరాలివ్వవని విదేశాంగ శాఖ ఏళ్లుగా చెబుతున్న మాట.

విచిత్రమేమిటంటే, ఖైదీల విషయంలో పాకిస్తాన్‌తో మాత్రం గడువులతో సహా రాతకోతలున్నాయి. 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న రెండు దేశాలూ ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. అరెస్టయిన మూడు నెలల్లో మన అధికారిని కలవనివ్వాలి. శిక్ష ముగిసి, జాతీయత తేలిన నెలలోపు వదిలేయాలి. ఈ గడువులు తరచూ మీరుతూనే ఉన్నాయి. అయినా యుద్ధ వాతావరణంలోనూ జాబితా ఆగలేదు. గుజరాత్ తీరం నుంచి వేటకెళ్లి 2018 నవంబరులో పాక్ చేతికి చిక్కిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. పొరుగు శత్రువుతో రాసుకున్న గడువులను మిత్రులనుకునే రియాద్, అబుదాబీలతో ఎందుకు రాయించుకోలేదో గల్ఫ్ వలసల జిల్లాల ఎంపీలు విదేశాంగ మంత్రిని సభలో నిలదీయాలి.