ఫెరార్గంజ్ విద్యార్థినికి స్థానికత ఎక్కడ?

ఏటా వేసవి ముగిసే వేళకు మన తెలుగు రాష్ట్రాలలో ఒక పెద్ద తిరునాళ్ళు సాగుతుంది. ఏ కళాశాల మేలు, ఏ శాఖ మేలు, ఏ విశ్వవిద్యాలయపు పట్టాకు విలువ హెచ్చు అన్న చర్చ ఇంటింటా వినిపిస్తుంది. ర్యాంకు వచ్చిన బిడ్డ ఉన్న ఇంట ఈ చర్చకు అంతుండదు. అయితే ఈ చర్చ అంతా ఒక నమ్మకం మీద నిలబడి ఉన్నది: ఎంచుకునే హక్కు విద్యార్థి చేతిలో ఉన్నదని. ఆ నమ్మకం ఎంతవరకు నిజమో తెలుసుకోవాలంటే విజయవాడ నుండియో, హైదరాబాదు నుండియో చూడరాదు. తూర్పు సముద్రం అవతల, సుమారు 1200 కిలోమీటర్ల దూరాన ఉన్న దక్షిణ అండమాను నుండి చూడవలెను.

అండమాన్ నికోబార్ దీవులలో తెలుగువారు కొత్తవారు కారు. రంపలో 1879లో పితూరీ చెలరేగినప్పుడు పట్టుబడినవారిలో కొందరిని ఆంగ్ల ప్రభుత్వం ఈ దీవులకే పంపింది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుండి మత్స్యకారులు, కూలీలు, చిన్న వ్యాపారులు ఓడలెక్కి వెళ్లి స్థిరపడ్డారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల మొత్తం జనాభా 3 లక్షల 80 వేలు. అందులో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం, అనగా యాభై వేల మంది. బెంగాలీ, హిందీ, తమిళ భాషల తరువాతి స్థానం మన భాషదే.

2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని పేరు మార్చుకున్న పోర్ట్ బ్లెయిర్ నుండి ఉత్తరానికి ట్రంకు రోడ్డు వెంట పోతే ఫెరార్గంజ్ వస్తుంది. 1920లలో దీవులకు ముఖ్య కమిషనరుగా పనిచేసిన ఫెరార్ దొర పేరు మీద వెలసిన ఊరు అది. ఉత్తర భారతం నుండి భాంతులను తెచ్చి ఈ ప్రాంతంలో స్థిరపరచినది ఆ కాలంలోనే. అటు పిమ్మట ఒక్కొక్క రాష్ట్రం వారు వచ్చి చేరారు. ఈ తహసీలులో ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకుందాం. తాత టెక్కలి ప్రాంతం నుండి వచ్చినవాడు. తండ్రి దీవిలోనే పుట్టినవాడు. కుమార్తె పన్నెండవ తరగతి గణితంలో మంచి మార్కులు తెచ్చుకుని ఇంజనీరింగు చదవాలని కోరుకుంటున్నది. ఆమె ముందున్న దారులు ఏవి?

మొదటి దారి ఇంటికి దగ్గరలోనే ఉన్నది. శ్రీ విజయపురంలోని పహార్‌గావ్‌లో 1984లో పాలిటెక్నిక్‌గా ఆరంభమైన సంస్థ నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సాంకేతిక సంస్థగా పిలువబడుతున్నది. డిప్లొమాతో మొదలైన ఈ సంస్థలో తరువాతి కాలంలో పుదుచ్చేరి విశ్వవిద్యాలయపు అనుబంధంతో డిగ్రీ తరగతులు కూడా వచ్చాయి. ఖర్చు తక్కువ, రాత్రికి ఇల్లు చేరవచ్చును. కాని శాఖలు వేళ్లమీద లెక్కించదగినవి, సీట్లు స్వల్పం. ఉద్యోగాలిచ్చే సంస్థలు సముద్రం దాటి దీవికి వచ్చి విద్యార్థులను ఎంచుకుపోవడం అరుదు. చెన్నై నుండి దీవులకు సముద్రగర్భంలో వేసిన సుమారు 2300 కిలోమీటర్ల కేబుల్ 2020 ఆగస్టులో ప్రారంభమయ్యేవరకు, పాఠం వినడానికి కావలసిన ఇంటర్నెట్ సౌకర్యం సైతం అక్కడ అంతంతమాత్రమే.

రెండవ దారి జె.ఇ.ఇ. పరీక్ష ద్వారా జాతీయ సాంకేతిక సంస్థలకు పోయేది. ఈ సంస్థలలో సగం సీట్లు ఆయా రాష్ట్రాల వారికి, తక్కిన సగం ఇతరులకు. దీవులలో అట్టి సంస్థ లేదు గనుక, 2010లో కారైకాల్‌లో స్థాపించిన పుదుచ్చేరి జాతీయ సాంకేతిక సంస్థలోని స్వరాష్ట్ర వాటాలో దీవులవారికి కూడా భాగం కల్పించారు. సాంకేతిక విద్యాసౌకర్యాలు చాలని ఈశాన్య రాష్ట్రాలకు, కేంద్రపాలిత ప్రాంతాలకు కేంద్రం ప్రత్యేకంగా కొన్ని సీట్లు కేటాయించే పద్ధతి కూడా ఉన్నది. జె.ఇ.ఇ. ప్రశ్నపత్రం 2021 నుండి తెలుగులోనూ లభిస్తున్నది. కాగితం మీద ఇవన్నీ మంచి ఏర్పాట్లే.

మూడవ దారి తాత విడిచివచ్చిన నేలకు తిరిగి వెళ్లేది. దీవులలోని తెలుగు కుటుంబాలకు మనసు సహజంగా అటే లాగుతుంది. విశాఖలోనో, కాకినాడలోనో చదివితే బంధువులుంటారు, భాష ఉంటుంది, పండుగకు పిలిచేవారుంటారు. అయితే అక్కడ ఎదురయ్యే మొదటి ప్రశ్న ర్యాంకు గురించి కాదు, స్థానికత గురించి.

పాఠకులకు ఈ చరిత్ర తెలిసినదే. 1969లో తెలంగాణలోను, 1972లో ఆంధ్రలోను సాగిన ఆందోళనల ఫలితంగా 1973లో ఆరుసూత్రాల పథకం వచ్చింది. దాని వెంట రాజ్యాంగంలో 371-డి అధికరణం, 1974లో విద్యాసంస్థల ప్రవేశాలపై రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి. ఆ ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులవి. అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్లు వరుసగా ఆ ప్రాంతంలో చదివినవారు స్థానికులన్నది అందులోని ప్రధాన సూత్రం. మిగిలిన 15 శాతంలో ఇతరులకు చోటున్నా, తల్లిదండ్రులలో ఒకరు పదేళ్లు రాష్ట్రంలో నివసించి ఉండడం వంటి షరతులు అందులోను ఉంటూ వచ్చాయి. టెక్కలిలో పెరిగి దీవికి వెళ్లిన తాతకు ఆ షరతు నెరవేరి ఉండేది. దీవిలో పుట్టిన తండ్రికి నెరవేరదు. కాబట్టి మనుమరాలు ఇంట్లో తెలుగు మాట్లాడినా, సంక్రాంతికి గొబ్బెమ్మలు పెట్టినా, మన కన్వీనరు కోటా దృష్టిలో పరాయిదే. 2014 విభజన చట్టం పదేళ్లపాటు కొనసాగించిన ఉమ్మడి ప్రవేశాల ఏర్పాటు కూడా 2024 జూన్ 2తో ముగిసినది. ఆ మీదట ఏ రాష్ట్రం నియమాలు దానివే గనుక, ఏటి ప్రకటన ఆ ఏడు చదువుకోక తప్పదు.

ఇక్కడే అనేక కుటుంబాలు చిక్కుకునే అవకాశమున్న ఒక ముడి ఉన్నది. పదవ తరగతి కాగానే పిల్లను విజయవాడకో, విశాఖకో పంపి అక్కడి పెద్ద కళాశాలలో ఇంటర్మీడియట్ చదివిస్తే అన్నీ చక్కబడతాయని తల్లిదండ్రులు అనుకోవచ్చును. కాని జాతీయ సాంకేతిక సంస్థల ప్రవేశాలలో స్వరాష్ట్రమంటే పుట్టిన చోటు కాదు, ఇల్లున్న చోటు కాదు; పన్నెండవ తరగతి ప్యాసైన చోటు. విజయవాడలో ఇంటర్మీడియట్ ప్యాసైన మరుక్షణం పుదుచ్చేరి సంస్థలో దీవులవారి వాటా మీద ఆమె హక్కు పోతుంది. దానికి బదులు తాడేపల్లిగూడెంలోని సంస్థలో ఆంధ్ర వాటాకు అర్హత వస్తుంది గాని, అక్కడి పోటీ ఎట్టిదో చెప్పనక్కరలేదు. పోనీ రాష్ట్ర కళాశాలలలో స్థానికత వచ్చినదా అంటే అదీ లేదు. చదివినది రెండేళ్లే, కావలసినది నాలుగేళ్లు. అనగా రెండేళ్ల ఫీజు, వసతి, ఓడ ఛార్జీలు భరించి ఆ కుటుంబం కొనుక్కున్నది ఒక ఇంట సగం చోటు, మరొక ఇంట లేని చోటు. ఈ లెక్క వేసుకోకుండా బిడ్డను ఓడ ఎక్కించడం తగదని దీవులలోని తెలుగు తల్లిదండ్రులకు మనవి చేయదలచాను.

స్థానికత వలెనే సామాజిక వర్గం కూడా సముద్రం దాటితే మారిపోతుంది. దీవులకు షెడ్యూల్డు కులాల జాబితా లేదు. వెనుకబడిన తరగతులుగా దీవుల పరిపాలన గుర్తించినవి అయిదు సమూహాలు: 1942కు పూర్వపు నివాసుల సంతతి, భాంతులు, మోప్లాలు, కరెన్లు, పునరావాసం పొందిన బెంగాలీలు. నాలుగవ పెద్ద భాషాసమూహమైన తెలుగువారు అందులో లేరు. శ్రీకాకుళంలో వెనుకబడిన తరగతికి చెందిన మత్స్యకారుడు ఫెరార్గంజ్‌లో వల వేసినంత మాత్రాన ముందుకు పోయినవాడు కాడు; కాని దీవుల పరిపాలన లెక్కలో అతని వెనుకబాటు కనిపించదు. ఒక రాష్ట్రంలోని సామాజిక హోదా వలస వెళ్లిన చోటికి వెంట రాదని సుప్రీంకోర్టు 1990లోనే చెప్పినది. ఆ తీర్పుకు కారణమైన మర్రి చంద్రశేఖరరావు వ్యాజ్యం కూడా ఆంధ్రప్రదేశ్ నుండి బొంబాయి చేరిన తెలుగు కుటుంబపు విద్యార్థిది; అదీ వైద్య కళాశాలలో సీటు గురించినదే. న్యాయశాస్త్రంలో ఆ తీర్పుకు బలమైన ఆధారమున్నది. బాధ పడేవారి సంఖ్య తక్కువ గనుక ఆ తీర్పు నీడలో మిగిలిపోయినవారి సంగతి ఎవరికీ పట్టలేదు.

నాల్గవ దారి డబ్బుది. యాజమాన్య కోటాలు, ప్రైవేటు విశ్వవిద్యాలయాలు స్థానికత అడగవు, ఫీజు అడుగుతాయి. తక్కిన దారులన్నీ ఇరుకైన కొలదీ ఈ దారి విశాలమౌతుంది. అందులో మంచివి లేవని కాదు. కాని పట్టా ఇచ్చేది ఎవరు, అఖిల భారత సాంకేతిక విద్యామండలి అనుమతి ఉన్నదా, చేరదలచిన శాఖకు జాతీయ గుర్తింపు మండలి గుర్తింపు ఉన్నదా అన్న మూడు ప్రశ్నలకు సమాధానం చూడకుండా రంగుల పుస్తకం చూసి డబ్బు కట్టడం ఏ రాష్ట్రం వారికైనా ప్రమాదమే. సముద్రం అవతల ఉండి, ఆవరణను కంటితో చూసే అవకాశం లేనివారికి మరింత ప్రమాదం.

ఇంతకూ లోపం ఎక్కడ ఉన్నది? ఢిల్లీలో కూర్చుని ఫైళ్ల నడకను గమనించే నాకు కనిపిస్తున్నది ఇది: కేంద్రపాలిత ప్రాంతాలంటే రాజధానిలో ఒక మిగులు ఖాతా. ఏ రాష్ట్రానికీ చెందని వాటిని ఒకే మూటలో కడతారు. 1967లో పోర్ట్ బ్లెయిర్‌లో ప్రభుత్వ కళాశాల పెట్టినప్పుడు దానిని ఎక్కడో వాయవ్యాన ఉన్న పంజాబు విశ్వవిద్యాలయానికి అనుబంధం చేశారు. 1985లో పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దీవులను, లక్షద్వీపాన్ని కూడా దాని పరిధిలో చేర్చారు. జాతీయ సాంకేతిక సంస్థ విషయంలోనూ అదే మూట. దీవులకు శాసనసభ లేదు. లోక్‌సభలో ఒకే ఒక స్థానం. అయిదు వందల నలభై మూడు గొంతుకలలో ఒక్క గొంతుక ఎంత దూరం వినిపించగలదో వేరే చెప్పనక్కరలేదు.

అదే సమయంలో ఆ దీవుల మీద ఢిల్లీకి ఉన్న ఆసక్తి చిన్నది కాదు. గ్రేట్ నికోబార్‌లో నౌకాశ్రయం, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, పట్టణం కలిపి 72 వేల కోట్ల రూపాయల అంచనాతో తలపెట్టిన పథకానికి 2022 నవంబరులో పర్యావరణ అనుమతి లభించింది. ఆ పథకం మంచిచెడ్డల మీద తీవ్రమైన వివాదం ఉన్నది. అది వేరొక లేఖకు తగిన విషయం. నేను అడగదలచినది ఒక్కటే. ఆ నౌకాశ్రయాన్ని కట్టే ఇంజనీర్లు ఎవరు? భూకంపాల తీవ్రతలో అయిదవ మండలంగా గుర్తించిన ఆ నేలమీద, 2004 డిసెంబరు 26న సునామీ ఊళ్లకు ఊళ్లను ఊడ్చివేసిన ఆ తీరాన, ఉప్పుగాలికి ఇనుము తుప్పుపట్టే తీరును బాల్యం నుండి చూసిన పిల్లలు అందుకు పనికిరారా? వారికి కూలి, కాపలా పనులు. గీతలు గీసే పని వచ్చినవారికి అంటే, అభివృద్ధి అన్న మాటకు అర్థం చెడుతుంది.

ప్రపంచంలో చిన్న దీవులు ఈ సమస్యను ఎదుర్కోలేదా అంటే ఎదుర్కొన్నాయి. పసిఫిక్ సముద్రంలోని పన్నెండు దేశాలు కలిసి నడుపుకుంటున్న దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయం 1968లో ఫిజీ రాజధాని సువాలో వెలసింది. విడివిడిగా విశ్వవిద్యాలయం పెట్టుకోలేని దేశాలు, పరాయి మూటలో ముడిపడి ఉండడానికి బదులు తమదైన మూట కట్టుకున్నాయి. మన దీవులకు సొంత విశ్వవిద్యాలయం కావాలన్న కోరిక న్యాయమైనది. కాని బోర్డు మార్చినంతలో పని జరుగదు. పహార్‌గావ్ సంస్థలో సముద్రతీర నిర్మాణం, నౌకా నిర్మాణం, భూకంపాలను తట్టుకునే కట్టడాలు వంటి శాఖలు పెట్టి, తగిన ఆచార్యులను, ప్రయోగశాలలను సమకూర్చినప్పుడే దీవి విద్యార్థి అక్కడ చేరడం గత్యంతరం లేక కాక, ఇష్టపడి చేరడమౌతుంది.

మన రాష్ట్ర ప్రభుత్వాలకు కూడా ఇందులో పాత్ర ఉన్నది. 371-డిని సడలించమని నేను కోరడం లేదు. స్థానికుల వాటా శ్రీకాకుళం బిడ్డకు కూడా అవసరమే; వెనుకబడిన జిల్లా విద్యార్థి నోటి ముద్ద తీసి దీవి విద్యార్థికి పెట్టడం న్యాయం కాదు. అయితే మంజూరైన సంఖ్యకు పైన అదనపు సీట్లు సృష్టించే మార్గం ఒకటున్నది. జమ్ము కాశ్మీర్ విద్యార్థుల కోసం కేంద్రం 2011 నుండి అమలు చేస్తున్న ప్రత్యేక ఉపకారవేతన పథకంలో కళాశాలలలో శాఖకు గరిష్ఠంగా రెండు చొప్పున ఇట్టి అదనపు సీట్లు కల్పించారు. ఎవరి వాటా తరగలేదు. ఆంధ్ర, కాకినాడ, హైదరాబాదు విశ్వవిద్యాలయ ఇంజనీరింగు కళాశాలలలో శాఖకు ఒక్కొక్క అదనపు సీటు పొరుగు రాష్ట్రాలలోను, దీవులలోను ఉన్న తెలుగు విద్యార్థులకు కేటాయిస్తే ఖజానా మీద పడే భారం స్వల్పం. ప్రపంచ తెలుగు మహాసభలు 1975 నుండి జరుపుకుంటున్నాము. సముద్రాల అవతలి తెలుగువారికి శాలువలు కప్పాము. శాలువ కంటె సీటు ఎక్కువ కాలం నిలుస్తుంది.

విశ్వవిద్యాలయాన్ని ఎంచుకోవడం గురించి మన ఇళ్లలో చర్చ జరుగుతూనే ఉంటుంది, జరగాలి కూడా. ఫెరార్గంజ్‌లోని ఇంట మాత్రం ఆ చర్చ ముగిసేసరికి తేలేది, విద్యార్థిని ఏ విశ్వవిద్యాలయాన్ని ఎంచుకున్నదో కాదు, ఏ ప్రభుత్వం ఆమెను తనదిగా ఎంచుకున్నదో అన్న సంగతి. ఇప్పటివరకు ఎవరూ ఎంచుకోలేదు. కేంద్ర హోంశాఖ, విద్యాశాఖ, రెండు తెలుగు ప్రభుత్వాలు ఒక్కసారి కూర్చుంటే తీరే సమస్య ఇది. ఒకేఒక్క పార్లమెంటు సభ్యుడున్న దీవుల తరఫున ఆ సమావేశాన్ని అడగవలసినవారు, రెండు రాష్ట్రాల నుండి లోక్‌సభలో కూర్చున్న మన నలభై ఇద్దరు సభ్యులే.