ఆ గడప తొక్కిందెవరు?

"పెంపకం తెలీని జనం" అని మొన్న స్టాఫ్‌రూమ్‌లో విన్నాను. ఎవరి గురించి? మదనపల్లె, పుంగనూరు దళితవాడల్లో తెల్లారకముందే కూలికి పోయే తల్లుల గురించి. కుప్పంలో బెంగళూరు రైలెక్కే తల్లుల గురించి.

వాళ్ళ తలుపు వారం వారం కొట్టేది కంతుల వాళ్ళే. భర్త పోయిన పేద తల్లి బిడ్డకు మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయలిచ్చే స్కీముందని చెప్పే మనిషి మాత్రం ఆ గడప తొక్కడు.

1975లో ఐసీడీఎస్ పుట్టినప్పటి నుంచి ఇల్లిల్లూ తిరిగే పని అంగన్‌వాడీ అక్కలది. వాళ్ళు జీతం పెంచమని సమ్మె చేస్తే 2024 జనవరిలో ఎస్మా పెట్టారు. పని అత్యవసరమట, ఇచ్చేది మాత్రం గౌరవ వేతనమట!

తల్లికి నీతులు కాదు, తోడు కావాలి. విద్యార్థులారా, మీ వాడలో అర్హులెవరో వెతకండి, జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు పెట్టించండి. ఇంకెవరైనా మన పెంపకం గురించి నోరెత్తితే, ఆ గడప ఎన్నిసార్లు తొక్కారో అడగండి.

జై భీమ్.