కర్నూలు సభకు ఒక్కసారే ఓటు

1955 ఫిబ్రవరిలో కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు జిల్లాల జనం కర్నూలులో కూర్చునే శాసనసభకు ఓటేశారు. సొంత గడ్డ మీద కూర్చునే సభకు సీమ ఓటరు ఓటేయడం అదే మొదలు, అదే చివర. రెండేళ్లు తిరక్కముందే ఆ సభ్యులు మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు పోయారు. పోతూ మనల్ని అడిగారా? మళ్లీ మన ఓటు అవసరమైంది 1962లో!

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కొత్తగా ఎన్నికలు జరపలేదు. 1952లో మద్రాసు శాసనసభకు గెలిచిన మన ప్రాంతపు 140 మందితోనే కర్నూలులో సభ నడిచింది. కార్యాలయాలకు గుడారాలు వేశారు. కొండారెడ్డి బురుజు రాజధానికి గుర్తయింది. ఏడాది దాటగానే మద్యనిషేధం గొడవలో ప్రకాశం ప్రభుత్వం అవిశ్వాసానికి ఒక్క ఓటు తేడాతో కూలింది. తర్వాత రాష్ట్రపతి పాలన, మధ్యంతర ఎన్నికలు. మొత్తం 196 సీట్లలో కాంగ్రెస్ కూటమికి 146 వచ్చాయి. కమ్యూనిస్టులకు నూటికి 31 ఓట్లు పడినా దక్కినవి 15 సీట్లే. జనం వేసిన ఓటుకూ సభలో తేలే లెక్కకూ పొంతన లేకపోవడం నిన్నమొన్నటి సంగతి కాదు మరి.

ఆ సభే 1955 నవంబర్ 25న విలీనం కోసం తెలంగాణకు హామీలిస్తూ తీర్మానం చేసింది. ఫజల్ అలీ కమిషన్ చెప్పింది వేరు. 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల దాకా తెలంగాణ విడిగా ఉండాలనీ, తర్వాత అక్కడి సభలో మూడింట రెండు వంతులు ఒప్పుకుంటేనే కలపాలనీ చెప్పింది. అది జరగలేదు. తెలంగాణ వాళ్లను అడగమని కనీసం కమిషన్ చెప్పింది. సీమను అడగమని చెప్పిన నాథుడే లేడు! 1957లో శాసనసభ ఎన్నికలు తెలంగాణలోని 105 సీట్లకే జరిగాయి. మన వాళ్లు 1955 ఓటుతోనే హైదరాబాదులో కాలం గడిపారు. తెలంగాణ సభ్యులతో ఒక ప్రాంతీయ కమిటీ 1973 దాకా ఉండేది. కోరలు లేనిదే కావచ్చు, ఆపాటి కమిటీ కూడా మనకు దక్కలేదు.

1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో శ్రీబాగ్ ఒప్పందం రాసుకున్నారు. నీళ్ల మాట, రాజధాని మాట అందరికీ గుర్తే. శాసనసభ స్థానాలు జిల్లాకు సమానంగా పంచాలన్న మాటను మన నాయకులు కూడా మర్చిపోయారు. 1953లో ఉన్నవి 11 జిల్లాలు, మనవి 4. ఆ లెక్కన 196లో 71 సీట్లు మనవి కావాలి. జనాభా లెక్క చూపించి ఆ షరతును అటకెక్కించారు. నీటి పంపకం మీద సభలో చేతులెత్తే రోజున ఆ తేడా ఎంత పని చేసిందో కాలువలు చూస్తే తెలుస్తుంది.

'ముఖ్యమంత్రులు మీ వాళ్లే కదా' అని ఎత్తిపొడుస్తారు. నిజమే. సంజీవరెడ్డి నుంచి జగన్ దాకా ఏడుగురు. సీమ బిడ్డ కుర్చీ ఎక్కవచ్చు, ఆ కుర్చీని మోసే మెజారిటీ మాత్రం బయటి సీట్లలో ఉంది. 2019లో సీమలోని 52 సీట్లలో 49 ఒక పార్టీకి ఇచ్చాం. 2024లో అదే పార్టీకి 7 మిగిల్చి 45 అవతలి కూటమికి ఇచ్చాం. ఎటు ఊగినా 175లో మనం 52 మందిమే.

ప్రాంతానికో సభ అంటే దేశం ముక్కలవుతుందని భయపెట్టేవాళ్లు కరేబియన్ సముద్రంలోని టొబాగో దీవిని చూడాలి. బ్రిటిష్ వాళ్లు 1889లో దాన్ని ట్రినిడాడ్‌తో కలిపేశారు. ఆదోని పట్టణంలో సగం జనాభా కూడా లేని దీవి. జాతీయ పార్లమెంటులోని 41 సీట్లలో దానివి రెండే. అయినా 1980 నుంచి దానికి సొంత సభ ఉంది. ఆ ఏడాది మొదటి ఎన్నికల్లోనే 12 సీట్లలో 8 స్థానిక పార్టీకి ఇచ్చి దేశాన్నేలే పార్టీని ఓడించారు. 2021 జనవరిలో ఆరూ ఆరూ వచ్చి సభ ఆగిపోతే, సీట్లను 15 చేసి డిసెంబర్‌లో మళ్లీ ఓటేశారు. దేశం ముక్కలు కాలేదు.

ఇక మన ముందున్న పని. 2008 పునర్విభజనలో కడప జిల్లా సీట్లు 11 నుంచి 10కి తగ్గాయి. కరువు సీమలోని లక్కిరెడ్డిపల్లె నియోజకవర్గం పటం నుంచే పోయింది. 2014 విభజన చట్టం మన రాష్ట్ర సీట్లను 225కి పెంచాలంది. అయితే రాజ్యాంగం 170వ అధికరణ ప్రకారం 2026 తర్వాతి జనగణన దాకా ఆగాలన్నారు. అంటే రేపటి లెక్క తలల లెక్క. ఆ గణన జరిగేది ఎప్పుడు? 2011లో ఫిబ్రవరిలో జరిగింది. 2027 గణనకు ప్రామాణిక తేదీ మార్చి 1.

ఫిబ్రవరిలో కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు ఊళ్లలో ఎవరుంటారు? ముసలివాళ్లు, తాళాలు. పిల్లాజెల్లతో సహా సుగ్గికి పోయి గుంటూరు మిరప చేలల్లో ఉంటారు. గణన రోజులన్నీ ఇంటికి రానివాళ్లను ఉన్నచోటే లెక్క రాసుకుంటారు. మన కరువు మన తలల్ని కూడా అక్కడికే జమ చేస్తుందన్నమాట! సుగ్గికి పోయినవాళ్లను సొంత ఊరి లెక్కలో చేర్చాలని విద్యార్థి సంఘాలు ఇప్పుడే కలెక్టరేట్ల ముందు కూర్చోవాలి. గణన పుస్తకం పట్టుకుని గడప గడపకూ వెళ్లేది మన టీచర్లే, మన ఉద్యోగులే. ఏ ఊళ్లో ఎన్ని ఇళ్లకు తాళాలున్నాయో, ఆ కుటుంబాల్లో ఎంతమంది ఉన్నారో ఊరివారీగా ఒక జాబితా రాసి పెట్టండి. ఆదోని డివిజన్ నుంచి మొదలుపెడదాం.