రుజువు భారమెవరిది?

29 కేంద్ర శాసనములను రద్దుచేసి, వాని స్థానమున నాలుగు కార్మిక స్మృతులను భారత ప్రభుత్వమువారు 2025 నవంబరు 21వ తేదీన అమలులోనికి దెచ్చిరి. వేతనముల స్మృతి 2019లోను, తక్కిన మూడును 2020లోను పార్లమెంటు ఆమోదించినవే. ఇన్నేండ్లు అటకపైనుండి యొక్కనాడు క్రిందికి దిగినవి. నాటినుండి చర్చ రెండు విషయములచుట్టును దిరుగుచున్నది. కార్ఖానా మూయుటకును పనివారిని తగ్గించుటకును ప్రభుత్వానుమతి వలయునన్న నియమము పూర్వము 100 మంది గలచోట వర్తించెడిది, ఇప్పుడు 300 మంది గలచోటనే వర్తించును. సమ్మెకు 14 దినముల ముందుగా నోటీసిచ్చుట పారిశ్రామిక సంస్థలన్నిటను విధియైనది. ఇవి కార్మికుని బలమును తగ్గించుననుటలో మాకు సందేహము లేదు. అయినను మన కూలివారిలో ననేకులు బ్రతుకునది మూడువందల మంది గల కార్ఖానాలలో గాదు. బియ్యపు మిల్లులలో, పలాస జీడిపప్పు బట్టీలలో, గుంటూరు మిరప కొట్లలో, పొలములలో. వారికి ముఖ్యమైన మాట వేతనముల స్మృతి 59వ సెక్షనున నున్నది. దానినిగూర్చి వేదికలపై మాటాడువారు అరుదు.

కూలి ముట్టలేదనియో, తక్కువగా ముట్టినదనియో పనివాడు ఫిర్యాదు చేసినచో, చెల్లించితినని రుజువుచేయు భారము యజమానునిదే యని యా సెక్షను విధించుచున్నది. ఫిర్యాదునకు మూడేండ్ల గడువు గలదు. ఇది న్యాయమని మా యభిప్రాయము. పద్దు వ్రాయువాడు గుమాస్తా, గుమాస్తాకు జీతమిచ్చువాడు యజమాని. వ్రాతయంతయు ఒకరి పెట్టెలో నుండగా రుజువు తెమ్మని రెండవవాని నడుగుట యెట్లు? మేస్త్రీ నడుమ నున్నచోట చిక్కు మరియు హెచ్చు. సొమ్ము మేస్త్రీ కిచ్చితినని యజమాని యనును. ఇంకను రాలేదని మేస్త్రీ యనును. కూలివాడు రెండు గుమ్మముల నడుమ దిరుగును. మేస్త్రీ చెల్లింపనిచో సంస్థ యజమానియే బాధ్యుడని స్మృతి యీ తిరుగుడునకు అడ్డుకట్ట వేసినది.

మా పాఠకులలో భూస్వాములు పలువురు గలరు. వ్యవసాయమునకు గాని యింటిపనికి గాని అయిదుగురికి మించకుండ నియమించుకొనినవారు రిజిష్టర్లు, వేతన చీటీలు ఉంచనక్కరలేదని స్మృతి మినహాయించినది. దీనిని వరముగా నెంచి యూరకుండువారు మోసపోవుదురు. 59వ సెక్షనున అట్టి మినహాయింపు లేదు. తనిఖీ యధికారి యడిగినచో చెల్లింపునకు తగిన రుజువు చూపవలసియే యుండును. పాలేరునకు ఏటి జీతము, నడుమ చేబదుళ్లు, సంక్రాంతికి బట్టలు, కొలిచిన ధాన్యము, ఇవన్నియు నేడును పలుచోట్ల నోటి లెక్కలే. తగవు వచ్చిననాడు యజమాని జ్ఞాపకమును ఏ యధికారి పద్దుగా స్వీకరించును? చెల్లించిన తేదీ, మొత్తము, పుచ్చుకొనినవాని సంతకమో వ్రేలిముద్రయో గల చిన్న పుస్తకము ఖర్చుతో గూడినది కాదు. న్యాయముగా కూలి యిచ్చు రైతునకు అంతకుమించిన రక్ష యుండదు.

పని గంటల విషయమును ఇట్టిదే. 2025లో తెలంగాణ ప్రభుత్వము వాణిజ్య సంస్థలలో రోజునకు పది గంటల పనిని అనుమతించెను. ఆంధ్రప్రదేశ్ శాసనసభ కార్ఖానాలకు అట్టి సవరణనే ఆమోదించెను. వారమునకు 48 గంటలు దాటిన పనికి రెట్టింపు కూలి యుండగా భయమేలయని ప్రభుత్వ పక్షమువారి సమాధానము. దాటిన గంటను పుస్తకమున ఎవరు వ్రాయుదురు?

ఇక లోపము చెప్పవలెను. కూలి యిచ్చితినని రుజువు చేయవలసినది యజమాని. అయితే "ఈతడెవడో నేనెరుగను" అని యా యజమాని యన్నచో నేమగును? తానచ్చట పనిచేసితినని చూపుకొనవలసిన కష్టము తిరిగి పనివానిమీదనే పడునని మా భయము. దానికి విరుగుడు నియామక పత్రము. కార్మికులందరికిని నియామక పత్రము తప్పనిసరియని ప్రభుత్వ ప్రకటనలు చాటినవి. దానిని విధించిన వృత్తి భద్రతా స్మృతిని తెరచి చూడగా, సామాన్య వృత్తి వ్యాపారములలో పదిమందియైనను పనిచేయు సంస్థలనే యది లెక్కించుచున్నది. జీడిపిక్కలు కాల్చు చిన్న బట్టీలో తొమ్మిదిమంది యున్నచో వారికి ఆ పత్రము లేదు. పత్రము మిక్కిలి యవసరమైనవాడే హద్దు వెలుపల నిలిచినాడు. పదవవానిని మస్టరునకెక్కింపక దాచు నేర్పు మన వర్తకులకు క్రొత్తగా నేర్పనక్కరలేదు. తనిఖీ అధికారికి "సౌకర్యకర్త" యను తోక తగిలించి, ఏ సంస్థను చూడవలెనో కంప్యూటరు చేత నెంపిక చేయించు పద్ధతికి తావిచ్చిన యీ దినములలో దాచినవానిని వెదకువా రెవరు?

నియామక పత్రము విషయమున ఈ పదిమంది హద్దును పార్లమెంటు తొలగింపవలెను. అంతవరకు మన రెండు ప్రభుత్వములును తెలుగున ఒక పుట నమూనాను అచ్చొత్తించి కార్మికశాఖ కార్యాలయములలో ఉచితముగా నుంచవచ్చును. మిల్లుదారుల సంఘములును వర్తక సంఘములును తమ సభ్యులచేత దానిని వాడింపవచ్చును. పేరు, పని, కూలి, చేరిన తేదీ, యజమాని సంతకము ఉన్న చాలును. రెండు ప్రతులు వ్రాయవలెను. ఒకటి పనివాని యింట నుండవలెను.