చర్చి ముఖాన కోట గోడ

'ద డావిన్సీ కోడ్' సినిమాను 2006 జూన్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. అదే నెలలో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఆ గొడవ పుణ్యమా అని సినిమా చూసినవారికి లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబీలో జరిగే ఘట్టం గుర్తుండే ఉంటుంది. తెరమీద కనిపించింది మాత్రం అబీ కాదు. కథలో మతపరమైన దోషాలున్నాయని అబీ పెద్దలు షూటింగ్‌కు ససేమిరా అనడంతో 2005 ఆగస్టులో టామ్ హ్యాంక్స్ బృందం ఉత్తరాన ఉన్న లింకన్ నగరానికి తరలింది. అక్కడి కేథడ్రల్ పెద్దలు లక్ష పౌండ్ల విరాళం పుచ్చుకుని తలుపులు తీశారు. వేషం కట్టడం ఆ భవనానికి కొత్త కాదు. ఎనిమిది శతాబ్దాలుగా అది ఒక కోట ముక్కను ఒంటిమీద పెట్టుకునే చర్చిగా చలామణీ అవుతోంది.

పడమటి వాకిలి ముందు నిలబడితే సంగతి బోధపడుతుంది. ఎదురుగా బారులు బారులుగా సన్నటి స్తంభాలు, కోసుగా లేచిన కమాన్లతో తెరలా పరుచుకున్న 13వ శతాబ్దపు గోథిక్ పనితనం. ఆ తెర నడిమధ్యన, అతుకు వేసినట్టుగా, వేరే కాలానికి చెందిన మోటు రాతి గోడ. దానిలో గుహల్లా లోతుగా, గుండ్రటి తలకట్టుతో కొన్ని పాత కమాన్లు. నడిమి కమానును మాత్రం తర్వాతివాళ్లు పైకి లేపి కోసుగా మార్చారు. చుట్టూ ఉన్న నాజూకుకూ ఈ మోటుదనానికీ పొత్తు కుదరదు. గైడ్లు చెప్పేదాక చాలామంది దాన్ని గమనించరు కూడా.

ఆ గోడ వెనక కథ 1066లో మొదలవుతుంది. నార్మండీ డ్యూక్ విలియం ఇంగ్లండ్‌పై దండెత్తడానికి పడవలు సమకూర్చుకుంటున్నప్పుడు ఎవరెవరు ఎన్ని ఇచ్చారో చెప్పే జాబితా ఒకటి మిగిలింది. డ్యూక్ బంధువులు, పెద్ద పెద్ద జమీందార్ల మధ్య ఫెకాంప్ మఠానికి చెందిన రెమిజియస్ అనే సన్యాసి పేరూ అందులో ఉంది. మఠంలో దానధర్మాలు చూసుకునే ఆయన పద్దు ఒక పడవ, 20 మంది నైట్లు. గెలిచిన విలియం ఆయనను బిషప్‌ను చేశాడు. పదవిని కొనుక్కున్నాడన్న ఆరోపణ రోమ్ దాకా వెళ్లింది. 1071లో పోప్ ఎదుట తన ఉంగరం, దండం వదులుకోవాల్సి వచ్చింది. వెంట వెళ్లిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ లాన్‌ఫ్రాంక్ వాటిని తిరిగి ఇప్పించకపోతే లింకన్ చరిత్ర మరోలా ఉండేది.

రెమిజియస్ పీఠం అప్పటికి థేమ్స్ ఒడ్డున, డార్చెస్టర్‌లో ఉంది. అధికార పరిధి మాత్రం థేమ్స్ నుంచి హంబర్ నది దాకా. 1072 ప్రాంతంలో ఆయన పీఠాన్ని ఉత్తర కొసన ఉన్న లింకన్ గుట్ట మీదికి మార్చాడు. ఇందులో భక్తి ఎంతో చెప్పలేంకానీ లెక్క మాత్రం కచ్చితంగా ఉంది. 1069లో డేన్ల నౌకాదళం హంబర్‌లోకి వచ్చి పడింది, ఉత్తరాది తిరగబడింది. విలియం 1068లోనే ఆ గుట్ట మీద, పాత రోమన్ ప్రాకారం లోపల, కోట కట్టించాడు. అందుకోసం నేలమట్టమైన ఇళ్లు 166 అని 1086 నాటి డూమ్స్‌డే సర్వే లెక్క రాసిపెట్టింది. ఆ కోటకు ఎదురుగానే బిషప్ తన చర్చిని లేపాడు. బిషప్ రాజుకు సమకూర్చాల్సిన సైన్యం 60 మంది నైట్లు.

పడమటి గోడలోని కమాన్ల లోకప్పును మెడ పైకెత్తి చూస్తే సన్నటి చీలికలు కనిపిస్తాయి. గోడ మందంలో గదులు, దారులు ఉన్నాయి. ఈ చీలికలు కిందికి చేరిన శత్రువుపై రాళ్లూ రప్పలూ జారవిడవడానికేనని వాస్తు చరిత్రకారుడు రిచర్డ్ జెమ్ 1980ల్లో వాదించారు. 1997లో డేవిడ్ స్టాకర్, అలన్ విన్స్ మరో అడుగు ముందుకేశారు. వాళ్ల ప్రకారం ఇది చర్చి ముఖద్వారంగా పుట్టలేదు. బిషప్ కాపురానికీ కాపుదలకూ కట్టిన బురుజు ఇది, చర్చి దాని వెనక ఉండేది. అందరూ ఒప్పుకున్న మాట కాదు ఇది. అయినా ఆ గోడను అలంకారం అనుకోవడం కష్టం. అదే బిషప్ పరిధిలో మతాధికారిగా పనిచేసిన 12వ శతాబ్దపు చరిత్రకారుడు హంటింగ్‌డన్ హెన్రీ కూడా ఈ చర్చి అందాన్ని మెచ్చుకుంటూనే శత్రువులకు లొంగనిదని రాశాడు.

గుడి ప్రాకారాన్ని సైన్యాలు వాడుకోవడం మనకు తెలియంది కాదు. 18వ శతాబ్దపు కర్ణాటక యుద్ధాల్లో శ్రీరంగం ఆలయంలో ఫ్రెంచి సేనలు మకాం వేశాయి. అక్కడ సైన్యం గుళ్లోకి చొరబడింది. లింకన్‌లో బిషప్పే సైన్యాధికారి.

ఆ సంప్రదాయం ముదిరి పాకాన పడింది మూడో బిషప్ అలెగ్జాండర్ హయాంలో. కలప కప్పు తగలబడితే రాతి కప్పు వేయించిందీ, ఆ మోటు గోడకు చెక్కడపు తలుపులూ బైబిల్ కథల శిల్ప పలకలూ తొడిగిందీ ఆయనే. ఆయనకు సొంత కోటలూ ఉన్నాయి. 1139లో రాజు స్టీఫెన్ ఆయనను నిర్బంధించి, కోటలు అప్పగించేదాకా తిండి పెట్టనన్నాడు. నూవార్క్ కోటలోని తన మనుషులనే బిషప్ బతిమాలుకోవాల్సి వచ్చింది. రెండేళ్లు తిరగకముందే, 1141 ఫిబ్రవరి 2న, లింకన్ కోటను ఆక్రమించుకున్న శత్రువులతో పోరుకు దిగబోతూ స్టీఫెన్ ఇదే చర్చిలో పూజకు వచ్చాడు. జరిపించింది అలెగ్జాండరే. రాజు చేతిలో కొవ్వొత్తి విరిగిపోయిందని, అది దుశ్శకునమని అప్పటివాళ్లు రాశారు. సాయంత్రానికి రాజు బందీ. శకునం సంగతి ఎలా ఉన్నా, బిషప్ ఆ పూట మనసులో ఏమనుకున్నాడో ఎవరూ రాయలేదు.

1185 ఏప్రిల్‌లో భూకంపం వచ్చి చర్చి బీటలు వారింది. మరుసటి ఏడు బిషప్‌గా వచ్చిన హ్యూ, ఫ్రాన్స్‌లోని ఆవలాన్‌లో పుట్టిన కఠోర నియమాల సన్యాసి. 1192లో తూర్పు కొసన కొత్త కట్టడం మొదలుపెట్టించాడు. తట్ట మోసి రాళ్లు అందించేవాడని కూడా చెబుతారు. ఆయన అసలు కథ మాత్రం 1197లో నడిచింది. ఫ్రాన్స్‌లో యుద్ధానికి 300 మంది నైట్లను ఏడాదిపాటు పోషించి ఇవ్వండని రిచర్డ్ రాజు కబురంపితే, లింకన్ పీఠం నైట్ల బాకీ ఇంగ్లండ్ లోపలే తప్ప సముద్రం ఆవల లేదని హ్యూ తెగేసి చెప్పాడు. మరుసటేడు నేరుగా నార్మండీ వెళ్లి రాజును కలిశాడు. రాజు పలకరింపు ముద్దు పెట్టకుండా ముఖం తిప్పుకుంటే, అంగీ పట్టుకుని కుదిపి మరీ పెట్టించుకున్నాడు. సింహహృదయుడికి నవ్వొచ్చిందంటారు.

ఒకే కప్పు కింద, ఒక చివర పడవతోపాటు 20 మంది నైట్లను ఇచ్చి పదవి తెచ్చుకున్న బిషప్ కట్టిన గోడ, మరో చివర నైట్లను ఇవ్వనని రాజుతో తలపడ్డ బిషప్ మొదలుపెట్టిన మందిరం. హ్యూ 1200లో చనిపోయాడు. పని తూర్పు నుంచి పడమటికి జరుగుతూ పాత గోడ దగ్గరకు చేరేసరికి దశాబ్దాలు గడిచాయి. అప్పటి మేస్త్రీలు దాన్ని కూలగొట్టలేదు, కప్పేయనూ లేదు. చుట్టూ తెర కట్టి వదిలేశారు. డబ్బు కలిసొస్తుందనా, పాతదన్న గౌరవమా? 1230ల చివర్లో కొత్త నడిమి గోపురం కూలిన చోట, దిట్టంగా నిలబడ్డ పాత గోడ జోలికి పోకపోవడం తెలివైన పనే. ఆ తర్వాత లేపిన శిఖరం 160 మీటర్లతో ప్రపంచంలోకెల్లా ఎత్తయిన కట్టడమనిపించుకుని 1548లో నేలకూలింది.

1217లో ఫ్రెంచి పక్షాన్ని ఇదే ఊళ్లో ఓడించిన రాజసేన గెలిచిన ఊపులో ఊరితోపాటు కేథడ్రల్‌నూ దోచుకుంది. మతాధికారులు శత్రుపక్షమని సాకు. గోడ ఉన్నా ఆగలేదు. దానికి రెండేళ్ల ముందు రాజు అధికారానికి హద్దు గీసిన 1215 మాగ్నాకార్టా ప్రతుల్లో నేటికీ మిగిలినవి నాలుగు. వాటిలో ఒకటి ఈ కేథడ్రల్ శతాబ్దాలపాటు దాచుకున్నదే. ఇప్పుడది ఎదురుగా ఉన్న కోటలో, 166 ఇళ్లు పడగొట్టి కట్టిన ఆ కోటలోనే, ప్రదర్శనకు ఉంది. దాన్ని చూసి చర్చి వైపు దాటి వచ్చే సందర్శకులు, చీలికలున్న ఆ కమాన్ల ముందు నుంచే టికెట్ల కిటికీకి నడుస్తారు.